ఈ నెల మీ ఉత్తరాలు: చదివిన నవల తెర మీదికొస్తే

పోయిన నెల ఇదే పేజీలో "మీరు చదివిన నవల సినిమాగా వస్తే మీకేమనిపించింది" అని ఒక్క లైను అడిగినానో లేదో, కర్నూలు మొదలుకొని హిందూపురం దాకా ఉత్తరాలే ఉత్తరాలు. రాసే ఓపిక లేనోళ్ళు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టినారు, ఒకాయన పదకొండు నిమిషాలు మాట్లాడినాడు, మొత్తం విన్నాను. సగానికి పైగా యండమూరి వీరేంద్రనాథ్ గారి నవలల గురించే ఉన్నాయి, ఆ తర్వాత యద్దనపూడి సులోచనారాణి గారివి. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి కొన్ని ఏరుకున్నాను.

ప్రశ్న (ప్రొద్దుటూరు, రిటైరైన టీచరమ్మ): 'అభిలాష' నవల బి.ఎడ్. చదివే రోజుల్లో చదివినాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత సినిమాకి పోయినాను. పాటలు బాగున్నాయి, చిరంజీవి బాగున్నాడు, కానీ ఇంటికొచ్చినాక ఏదో తక్కువైనట్టే ఉండింది. ఇన్నేళ్ళయినా ఆ వెలితి ఏందో చెప్పలేకున్నాను. మీరు చెప్పగలరా?

జవాబు: టీచరమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివినాను, ఎందుకంటే ఆ వెలితి నాకూ ఉండింది. నాకు తోచింది చెప్తాను.

'అభిలాష' సినిమా 1983లో వచ్చింది, కోదండరామిరెడ్డి గారి డైరెక్షన్, కె.ఎస్. రామారావు గారు ప్రొడ్యూసర్, ఇళయరాజా సంగీతం. ఉరిశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన ఒక కుర్ర లాయరు, చట్టం తప్పు చేసి నిర్దోషిని కూడా ఉరి తీయగలదని నిరూపించడానికి చేయని హత్య తానే చేసినట్టు సాక్ష్యాలు పుట్టించుకుంటాడు, ఆ తర్వాత ఆ ఉచ్చు నిజంగానే బిగుసుకుంటుంది. ఆ రోజుల్లో ఇది గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఉరిశిక్షను కొట్టేయలేదు గానీ అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని చెప్పింది, అందుకే ఉరి ఉండాలా వద్దా అనేది లాయర్ల బార్ రూముల్లోనే కాదు, కాలేజీల వక్తృత్వ పోటీల్లో కూడా నడిచింది. నవల ఆ చర్చను మన చేతికిచ్చి నువ్వే తేల్చుకో అంటుంది. మీరు ఆ రాత్రి నిద్రపోకుండా చేసింది అదే, కథ ఒక్కటే కాదు, మీరు కూడా లోపల వాదించినారు.

సినిమాలో వాదించే టైము ఉండదు కదమ్మా. నేను చాలా రోజులు గమనించి పట్టుకున్న సంగతి ఒకటుంది. యండమూరి నవల్లో చట్టమో వ్యాపారమో మనస్తత్వమో ఏదో ఒక విషయం రెండు పేజీలు ఆగి చెప్పే చోట్లు ఉంటాయి చూడండి, పాఠకుడికి తానేదో నేర్చుకుంటున్నట్టు అనిపించే చోట్లు, అక్కడే సినిమాలో పాట వస్తుంది. పాటను తిట్టడం లేదు, ఇళయరాజా ఇచ్చినవి మామూలు పాటలా, ఇప్పటికీ మా ఇంట్లో మోగుతాయి. కానీ నవల మనల్ని ఆలోచనలో ముంచే చోట సినిమా మనకు రెస్ట్ ఇస్తుంది, రెండింటి నడకా అక్కడే వేరైపోతుంది, బయటికొచ్చినాక మీకు అనిపించిన వెలితి ఆ రెండు పేజీలే అని నా నమ్మకం.

ఇంకోటి కూడా ఉంది. మన తరం నవలను కూర్చుని ఒక్కసారిగా చదివింది తక్కువ, వారం వారం చదివింది ఎక్కువ. మా అమ్మ 'తులసీదళం' ఆంధ్రభూమి వీక్లీ నుంచి పేజీలు చించి దాచిపెట్టింది. వారాలన్నీ అయినాక మైదా ఉడికించి జిగురు చేసి, దబ్బనంతో మూడు బొక్కలు పొడిచి పురికొసతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసింది. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఒక పేజీ వెనక సగం వారఫలాలు ఉంటాయి, ఇంకో పేజీ వెనక తలనూనె అడ్వర్టైజ్‌మెంటులో అమ్మాయి జడ ఒక్కటే మిగిలింది, మొహం ఇంకో వారంలో పోయింది. ఒకచోట పసుపు మరక, అమ్మ వేలిదే, పోపు పెట్టి వచ్చి తిప్పింది మరి. వారానికో చోట కథ ఆగేది, ఆగిన చోటు నుంచి మళ్ళీ గురువారమో శుక్రవారమో దాకా పక్కింటి అత్తమ్మ, ఎదురింటి వదిన, కుళాయి కాడ నిలబడి ఏమవుతుందో ఏమవుతుందో అని తెగ మాట్లాడుకునేవాళ్ళు. పాతిక వారాల సీరియల్‌కి పాతిక చోట్ల ఊపిరి ఆగుతుంది. సినిమాకి ఉండేది ఒక్క ఇంటర్వెల్లే.

సినిమాగా 'అభిలాష' మంచి సినిమానే. మీరు అందులో వెతికింది సినిమా కాదు, ఆ రాత్రి.

(ఒక చిన్న మాట. నవల్లో, సినిమాలో కథంతా ఏ సెక్షన్ చుట్టూ తిరుగుతుందో ఆ 302 నంబరు ఇప్పుడు హత్యకు లేదు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 103 అయింది. మీ మనవళ్ళకు కథ చెప్పేటప్పుడు పనికొస్తుందని.)

ప్రశ్న (ఆదోని, బట్టల షాపులో పనిచేసే అన్న): 'ఛాలెంజ్' సినిమా కూడా నవలేనంట కదా, ఆ పేరుతో షాపుల్లో అడిగితే లేదంటున్నారు.

జవాబు: పేరు మారింది అన్నా, అందుకే దొరకలేదు. నవల పేరు 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు'. సినిమా 1984లో వచ్చింది. ఏమీ లేని కుర్రాడు అయిదేళ్ళలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కాసే కథ. ఇది తీసిన 'అభిలాష' టీమే తర్వాత 'రాక్షసుడు' (1986), 'మరణమృదంగం' (1988) కూడా యండమూరి గారి నవలల నుంచే తీసింది, ఆ రెండింటికీ పేర్లు మార్చలేదు కాబట్టి అడిగితే దొరుకుతాయి. నవల చదివేటప్పుడు ఆ యాభై లక్షలు అప్పటి యాభై లక్షలని గుర్తు పెట్టుకోండి, లేకపోతే పందెం బరువు తెలీదు.

ప్రశ్న (హిందూపురం, ఇంజనీరింగ్ చదివే అమ్మాయి): మా ఇంట్లో అమ్మ తెలుగు, నాయన కన్నడ. నాయన ఏమంటాడంటే 'వెన్నెల్లో ఆడపిల్ల' మీ తెలుగు రచయిత రాసినా దాన్ని బాగా తీసింది మా కన్నడమోళ్ళే అని. అమ్మ ఒప్పుకోదు. నేను నవల చదివినాను, ఆ కన్నడ సినిమా కూడా యూట్యూబ్‌లో చూసినాను, నాకు నాయన మాటే కరెక్టనిపిస్తోంది. అమ్మకి ఎట్లా చెప్పేది?

జవాబు: అమ్మకి చెప్పాల్సిన పని లేదు తల్లీ, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూపించు. ఆ సినిమా పేరు 'బెళదింగళ బాలె', 1995లో సునీల్ కుమార్ దేశాయ్ తీసినాడు, చెస్ ఆటగాడు రేవంత్‌గా అనంత్ నాగ్. మీ నాయన చెప్పేది అక్షరాలా నిజం.

ఎందుకు నిజమో కొంచెం పొడుగ్గా రాస్తాను, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీదే. ఆ నవలకి ప్రాణం ఏది? ఒక తెలీని అమ్మాయి ఒక పెద్ద ఆటగాడికి ఫోన్ చేసి, నా పేరు, నా నంబరు, నేనెవరో నువ్వే కనుక్కో అని సవాల్ చేస్తుంది. ఆ తర్వాత అంతా తెలివికీ తెలివికీ మధ్య ఆట. ఆమె పేజీల మీద ఒక గొంతే. చదివే ప్రతి మగపిల్లోడూ ఆ గొంతుకి తనకు నచ్చిన మొహం పెట్టుకున్నాడు, ప్రతి ఆడపిల్లా ఆ గొంతులో తనను తాను విన్నది. ఇప్పుడు దాన్ని సినిమా తీయాలంటే మొదటి రోజే ఏం చేస్తారు, హీరోయిన్ ఎవరు అని అడుగుతారు, పెద్ద పేరున్న అమ్మాయిని తెస్తారు, పోస్టర్ మీద ఆమె మొహం వేస్తారు, అక్కడికి కథ అయిపోయినట్టే. దేశాయ్ ఆ పని చేయలేదు. ఆ అమ్మాయిని గొంతుగానే ఉంచి, చూసేవాడి ఊహకి వదిలేసినాడు. నవల దేని మీద నిలబడిందో దాన్ని ముట్టుకోలేదు, మిగతాది ఎంత మార్చినా నష్టం లేదని ఆయనకు తెలుసు. అనంత్ నాగ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని వింటూ ఉంటాడు చూడు, అవతల మనిషి కనపడదు, ఆయన కళ్ళల్లో మాత్రం మనకు ఆమె కనపడుతుంది. అట్లాంటి నటుడు దొరకడం కూడా సగం అదృష్టం.

ఇంకో మాట, నువ్వు ఇంజనీరింగ్ కాబట్టి చెప్తున్నాను. ఈ కథ ఇప్పుడు జరగదు. ఇప్పుడు ఆ అమ్మాయి ఫోన్ చేస్తే రేవంత్ స్క్రీన్ మీద నంబరు పడుతుంది, ట్రూకాలర్‌లో పేరు కూడా వచ్చేస్తుంది, మొదటి నిమిషంలోనే పందెం ఓడిపోతుంది. ఆ రోజుల్లో ల్యాండ్‌లైన్ మోగితే ఎత్తేదాకా ఎవరో తెలీదు, పెట్టేసినాక కనుక్కునే దారి మామూలు మనిషికి లేదు. ఆ కథ మొత్తం ఆ ఒక్క లోటు మీద నిలబడి ఉంది. ఎవరైనా రేపు దీన్ని వెబ్ సిరీస్ తీయాలనుకుంటే నేను బతిమాలేది ఒకటే, కథను ఆ కాలంలోనే ఉంచండి, రేవంత్ చేతికి సెల్‌ఫోన్ ఇవ్వొద్దండి.

అమ్మకి ఒకటి మాత్రం చెప్పు. నవల మనదే, ఆ సినిమా బాగుండడం వల్ల అది ఇంకెవరిదో అయిపోలేదు. మీ ఊరి నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు, కథ ఆ రోడ్డు మీద పోయి మళ్ళీ మీ ఇంటికే వచ్చింది, అమ్మా నాయనా ఇద్దరికీ సొంతం.

ప్రశ్న (రాయచోటి): రచయితే డైరెక్టర్ అయితే ఈ గొడవంతా ఉండదు కదా?

జవాబు: అట్లే అనుకుంటాం. యండమూరి గారు కూడా డైరెక్ట్ చేసినారు, 1990లో 'అగ్నిప్రవేశం', 1991లో చిరంజీవితో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్'. ఆయన నవలల్ని వేరేవాళ్ళు తీస్తే ఆడినట్టు ఈ రెండో సినిమా ఆడలేదు. వాక్యంతో టెన్షన్ పుట్టించడం వేరే పని, కెమెరా ఎక్కడ పెట్టాలో తెలిసుండడం వేరే పని. రెండూ వచ్చినవాళ్ళు ఏ భాషలోనైనా తక్కువే.

ప్రశ్న (నంద్యాల, గృహిణి): 'సెక్రటరీ' నవల్లో రాజశేఖరం అంటే నాకు ప్రాణం. సినిమాలో నాగేశ్వరరావు గారిని చూసి మనసు కష్టపెట్టుకున్నాను, ఇది తప్పా? మా ఆయన నవ్వుతాడు.

జవాబు: తప్పేం లేదక్కా, మీ ఆయనకి చెప్పండి, ఆ కాలంలో ఈ కష్టం పెట్టుకున్న ఆడవాళ్ళు రాష్ట్రమంతా ఉన్నారు. నవల వచ్చింది 1960ల్లో, సినిమా వచ్చింది 1976లో. ఈ మధ్యలో మీలాంటోళ్ళు రాజశేఖరాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నారో లెక్కలేదు, వచ్చేసరికి అక్కినేని గారికి యాభై దాటింది. ఆయన గొప్ప నటుడు, అందులో సందేహం లేదు, కానీ ఆయన దేవదాసుగా, బాటసారిగా మనకు ముందే తెలిసిన మనిషి. తెలిసిన మొహం ఎంత బాగున్నా ఊహలోని మొహంలోకి దూరలేదు. వాణిశ్రీ మాత్రం నవల్లోని జయంతి పొగరుని, ఆత్మాభిమానాన్ని బాగా పట్టుకుందని నా అభిప్రాయం, ఎందుకంటే పొగరు అనేది మొహంతో కన్నా నడకతో వస్తుంది.

ఈ నవలల సినిమాల గాలి ఎట్లా మొదలైందంటే, 1971లో 'ప్రేమనగర్', కోడూరి కౌసల్యాదేవి గారి నవల, అది రామానాయుడు గారిని నిలబెట్టింది. దాంతో ఆడవాళ్ళు రాసిన నవలల కోసం ప్రొడ్యూసర్లు వీక్లీ ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులొచ్చినాయి. యద్దనపూడి గారివే చూడండి, 1972లో 'విచిత్రబంధం' (అది 'విజేత' నవల), 1973లో 'జీవన తరంగాలు', అదే ఏడాది విజయనిర్మల గారు డైరెక్ట్ చేసిన 'మీనా'. ఈ 'మీనా' కథ 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు మళ్ళీ నోళ్ళలో నానింది, రెండింటి పోలికల మీద పెద్ద చర్చే జరిగింది. నాకు అప్పుడు సంతోషం వేసింది, కోపం కూడా వచ్చింది. సంతోషం ఎందుకంటే యద్దనపూడి గారు సృష్టించిన పిల్ల నలభై మూడేళ్ళ తర్వాత కూడా హాలు నింపింది. కోపం ఎందుకంటే కథ ఎవరిదన్న మాట సినిమా రిలీజయినాక చర్చల్లో తేలాల్సిన సంగతి కాదు, టైటిల్స్‌లో మొదట పడాల్సిన పేరు. ఆమె 2018లో పోయినారు.

ప్రశ్న (కర్నూలు, ఇరవై ఆరేళ్ళ తమ్ముడు): నా కథ ఒకటి పత్రికలో వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక వెబ్ సిరీస్ టీము ఫోన్ చేసి కథ బాగుంది, పది పేజీల సినాప్సిస్ పంపు, తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. పంపినాను. మూడు నెలలైంది, ఫోన్ ఎత్తడం లేదు. నేను ఏం చేయాలి? నాకు డబ్బు కన్నా పేరు పోతుందేమోనని భయం.

జవాబు: తమ్ముడూ, నీ భయం నాకు తెలుసు. నాకూ ఇట్లాంటిదే జరిగింది. చాలా ఏళ్ళ కింద ఒక కథ అడిగితే నోటితోనే చెప్పేసినాను, ఒక హోటల్లో టీ తాగుతా, కాగితం లేదు సాక్షి లేదు, తర్వాత ఏడాదికి అదే కథ రోంత మారి టీవీలో వచ్చింది. ఆ రోజు రాత్రి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే నీకు వివరంగా రాస్తాను.

మొదట ధైర్యం తెచ్చుకో. నీ కథ పత్రికలో అచ్చయింది, తేదీతో సహా ఉంది, అదే నీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్టర్ చేయకపోయినా నీదే. రిజిస్ట్రేషన్ అనేది రేపు గొడవ వస్తే చూపించుకోవడానికి ఇంకో కాగితం, అంతే, కానీ చేసిపెట్టుకుంటే మంచిది. సినీ రచయితల సంఘంలో కూడా కథ రిజిస్టర్ చేసే ఏర్పాటు ఉంది. కథను సినిమాగానో నాటకంగానో మార్చే హక్కు కూడా రచయితదే, చట్టంలోనే ఉంది. ఆ హక్కు నువ్వున్నంత కాలం, నీ తర్వాత ఇంకో అరవై ఏళ్ళు నీ వాళ్ళకి ఉంటుంది.

కానీ ఒక చేదు నిజం కూడా తెలుసుకో. ఐడియాకి కాపీరైట్ లేదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీం కోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక నాటక రచయిత తన నాటకాన్ని కొట్టి సినిమా తీసినారని కోర్టుకి పోయినాడు, వేర్వేరు రాష్ట్రాల కుటుంబాల మధ్య పెళ్ళి అనే ఐడియా రెండింటిలో ఒకటే, అయినా ఓడిపోయినాడు, ఎందుకంటే చెప్పిన తీరు, సన్నివేశాలు వేరుగా ఉన్నాయని కోర్టు అన్నది. అంటే 'కరువులో ఊరొదిలి పోయిన అన్నదమ్ముల కథ' అని నువ్వు ఒక్క లైను చెప్తే అది నీది కాదు. ఆ అన్నదమ్ములు ఏ బస్టాండులో విడిపోయినారు, విడిపోయేటప్పుడు చిన్నోడు ఏం మాట్లాడినాడు, అది నీది. అందుకే నోటితో చెప్పకూడదు, రాసి పంపాలి, మెయిల్లో పంపాలి, వాళ్ళు అందింది అన్న జవాబు దాచుకోవాలి. నువ్వు రాసే పంపినావు కాబట్టి నాకన్నా వెయ్యి రెట్లు నయం.

రేపు వాళ్ళు మళ్ళీ వచ్చి అగ్రిమెంటు పెడితే ఇవి చూసుకో. హక్కులు ఇవ్వడమనేది రాతపూర్వకంగానే చెల్లుతుంది. ఎన్నేళ్ళకి అని రాయకపోతే చట్టం అయిదేళ్ళే అనుకుంటుంది, ఎక్కడెక్కడ అని రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. వాళ్ళు ఏడాది లోపల ఆ హక్కు వాడుకోకపోతే అది తిరిగి నీకు వచ్చేస్తుంది, అయితే అగ్రిమెంటులో వేరేగా రాసుంటే రాదు, ఆ 'వేరేగా' అనే లైను ఎక్కడో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అందుకే చివరి పేజీ మొదట చదువు. వెబ్ సిరీస్‌కి ఇస్తే సినిమాకి కూడా ఇచ్చినట్టు కాదని విడిగా రాయించుకో. టైటిల్స్‌లో నీ పేరు ఎక్కడ, ఏ మాటతో పడుతుందో కూడా రాయించుకో, 'కథ' అనడానికీ 'మూలకథ ఆధారంగా' అనడానికీ తేడా ఉంది. సంతకం పెట్టే ముందు ఒక వకీలుకి చూపించు, కర్నూల్లో మంచివాళ్ళు ఉన్నారు.

పేరు గురించి అడిగినావు కదా. చట్టంలో సెక్షన్ 57 అని ఉంది, కథ అమ్మేసినా సరే, అది నాది అని చెప్పుకునే హక్కు, దాన్ని నా గౌరవం పోయేటట్టు వంకర చేస్తే అడ్డుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటాయి. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన 'ఆప్‌కా బంటీ' నవలని సినిమా వాళ్ళు పాడుచేసినారని ఢిల్లీ హైకోర్టుకి పోయింది, ఆ కేసు తర్వాతే రచయితల హక్కు గురించి అందరికీ గట్టిగా తెలిసొచ్చింది. ఇప్పుడు వెంటనే ఏం చేయాలంటే, ఆ టీముకి మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, ఫలానా తేదీన సినాప్సిస్ పంపినాను, మీ నిర్ణయం చెప్పండి, లేకపోతే కథ వేరేవాళ్ళకి చూపించుకుంటాను అని. కోపంగా రాయొద్దు. ఆ మెయిల్ కూడా రేపు సాక్ష్యమే. తర్వాత కొత్త కథ మొదలుపెట్టు.

ప్రశ్న (పులివెందుల, పేరు వద్దన్న పాఠకుడు): సినిమాల్లో మన సీమ అంటే సుమోలు, కొడవళ్ళు, బాంబులు, "రేయ్" అని అరిచే ఒక విలన్. మనకు ఇంతమంది రచయితలున్నారు, మన నవలలు తెర మీదికి ఎందుకు రావు? మనోళ్ళు సినిమాలకి పనికిరారా?

జవాబు: పనికిరాకపోవడమేందన్నా! మీ పులివెందుల పక్కన కొత్తపల్లి వాడే కదా బి.ఎన్. రెడ్డి. తాడిపత్రి వాడే కదా కె.వి. రెడ్డి. ఒకే ఏడాది, 1951లో, ఈ ఇద్దరు సీమ మనుషులు తీసిన రెండు సినిమాలు తెలుగు సినిమాని నిలబెట్టినాయి, రెండింటి వెనకా రాసిన కథలే ఉన్నాయి. 'మల్లీశ్వరి'కి బుచ్చిబాబు గారి నాటిక 'రాయలవారి కరుణకృత్యం' ఒక ప్రేరణ, ఇంగ్లీషు పత్రికలో వచ్చిన ఒక కథ ఇంకో ప్రేరణ. 'పాతాళభైరవి'కి మన అవ్వలు రాత్రిపూట చెప్పుకున్న కాశీమజిలీ కథలు ఆధారం. పుస్తకంలో ఉన్నది తెర మీదికి ఎట్లా తేవాలో తెలుగోళ్ళకి నేర్పినోళ్ళలో మనోళ్ళున్నారు. అది మర్చిపోవద్దు.

కానీ మీ బాధ వేరే, మన కథలు ఎందుకు రావడం లేదని. ఇది నన్ను కూడా చాలా ఏళ్ళుగా కొరుకుతోంది. కేతు విశ్వనాథరెడ్డి గారి కథలకి 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'కి 2019లో వచ్చింది, హండే పాలకుల కాలం నాటి అనంతపురం సీమను అట్లా కళ్ళ ముందు పెట్టిన నవల ఇంకోటి లేదు. చిలుకూరి దేవపుత్ర గారి 'పంచమం' ఉంది, సింగమనేని నారాయణ గారి కథలున్నాయి. వీటిల్లో ఉండేది ఏందంటే నీళ్ళు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడుతుంది, అది కూడా చెప్పిన టైముకి పడదు. శెనక్కాయ విత్తనం అప్పు చేసి కొని, వాన కోసం మబ్బు చూసే మనిషి, బోరు వేయించి మూడొందల అడుగులు పోయినాక దుమ్ము ఎగిరితే ఆ దుమ్ము మొహాన పడినా తుడుచుకోకుండా నిలబడిన మనిషి, ఆ మనిషి మొహం మీద కెమెరా రెండు నిమిషాలు నిలబెట్టే డైరెక్టర్ కావాలి. దుమ్ములో సుమో లేస్తే టికెట్ తెగుతుందని తెలుసు, దుమ్ములో బోరు ఎండిపోతే తెగుతుందో లేదో ఎవరూ చూడలేదు, అదే భయం.

ఇంకో కారణం భాష. మన యాసను సినిమాలో విలన్‌కీ కామెడీకీ ఇచ్చేసినారు. మా జేజి "ఏంరా నాయనా, బువ్వ తింటివా" అంటే అందులో ఎంత ప్రేమ ఉంటుందో మనకు తెలుసు, తెర మీద అదే యాస వినగానే హాల్లో జనం కత్తి ఎక్కడ అని చూస్తారు. దీన్ని మార్చాలంటే మన ఊళ్ళ పిల్లలే మన కథలు తీయాలి. పెద్ద నవలతో మొదలు పెట్టకండి, 'శప్తభూమి' తీయాలంటే కోటలూ గుర్రాలూ కావాల, చిన్న కథతో మొదలు పెట్టండి. శ్రీరమణ గారి 'మిథునం' ఎంతుంది, కొన్ని పేజీల కథ, బాపు గారు దాన్ని తన చేత్తో రాసి అందరికీ పంచుకున్నారు. ఆ కథలోంచి 2000లో మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ ఒక సినిమా తీసినాడు, 2012లో భరణి గారు తెలుగులో తీసినారు, బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు, ఇద్దరే మనుషులు, ఒక పెరడు, ఒక వంటిల్లు. మన ఊళ్ళో పెరళ్ళకి కొదవా అన్నా?

ప్రశ్న (గుంతకల్లు, రైల్వేలో రిటైరైన పెద్దాయన): నా దగ్గర ఒక నవల బైండు ఉంది, అప్పట్లో అద్దె పుస్తకాల షాపు మూసేస్తా ఉంటే కిలోల లెక్కన కొన్నాను. చివరి పన్నెండు పేజీలు లేవు. 'రాక్షసుడు' అది. సినిమా చూస్తే కథ తెలిసిపోతుంది కదా, చూసేద్దామా అని మా కోడలు అంటోంది. మీరేమంటారు?

జవాబు: పెద్దాయనా, చూడొద్దు. కాస్త ఆగండి. సినిమాకి సినిమా అవసరాలు ఉంటాయి, అక్కడ చూసిన ముగింపే నవల ముగింపు అనుకుంటే మీరు చదివిన మూడొందల పేజీలకీ అన్యాయం అయిపోతుంది. నేను కడప ఏడురోడ్ల దగ్గర అద్దె షాపులో తెచ్చుకున్న ఒక పుస్తకానికి చివరి పేజీలు చించేసి ఉంటే ఎనిమిది రోజులు ఏదీ సరిగ్గా తినలేదు, కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా తెలుసు.

యండమూరి గారి నవలలు విజయవాడ నవసాహితి వాళ్ళు ఇప్పటికీ వేస్తున్నారు, కొత్త కాపీ కొనుక్కోవచ్చు. కొనకుండా ఆ పన్నెండు పేజీలే చదవాలనుంటే, ఎప్పుడైనా కడప వస్తే ఎర్రముక్కపల్లిలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం లైబ్రరీ ఉంది, అక్కడ ఒకసారి అడిగి చూడండి. మీ బైండు కూడా తెచ్చుకోండి, పేజీ నంబర్లు చూసుకుని ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చదవొచ్చు. మీరు చదివేదాకా సినిమా పెట్టొద్దని కోడలికి నా మాటగా చెప్పండి.